బాగుంది అనడానికి రివ్యూ ఎందుకండీ?

2018 జూన్‌లో మొదలైంది. 2023లో ఏడో విడత దాకా వచ్చింది. అయినా లైనక్స్ మెయిన్‌లైన్ గుమ్మం తొక్కలేదు. ఇంటెల్ ఇంజనీరు రికార్డో నేరి పంపిన ప్యాచ్‌ల వరస అది. బిగుసుకుపోయిన సీపీయూని హెచ్‌పెట్ అనే టైమర్ చేత కనిపెట్టించడం దాని పని. ఆ టైమర్ మామూలు ఇంటరప్ట్ పంపితే లాభం లేదు. నాన్-మాస్కబుల్ ఇంటరప్ట్, అంటే ఎన్ఎంఐ పంపాలి. అది వెళ్లే దారిలో ఇంటరప్ట్ రీమ్యాపింగ్ అనే పట్టిక ఉంది. ఆ పట్టిక నింపే కోడ్‌లో ఎన్ఎంఐకి చోటు చెయ్యాలి. గొడవంతా అక్కడ.

ఈ సంగతి మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల దగ్గర ఎత్తితే ఒకటే జవాబు. "అయిదేళ్లు తిప్పారా? మా టీములో అయితే పొద్దున పెట్టిన ప్యాచ్ సాయంత్రం టీ టైముకి మెర్జ్ అయిపోతుందండీ." అయిపోతుంది నాయనా, ఎందుకవదు! చూసేవాడు లేనప్పుడు అవక ఏం చేస్తుంది? పక్క సీటువాడు 'బాగుంది' అని ఒక ముక్క పడేస్తాడు. రేపు వీడు వాడికి పడేస్తాడు. దానికి రివ్యూ అని పేరు, ఏడాది చివర అప్రైజల్లో దానికో మార్కు.

నా మాట సూటిగా చెప్పేస్తాను. ఆ ప్యాచ్‌లకి అడ్డుపడ్డవాళ్లు చేసింది రివ్యూ. మనవాళ్లు పెడుతున్నవి సంతకాలు. ఎన్ఎంఐ లాంటి చోట సంతకం పెట్టే రివ్యూయర్ కంటే అసలు రివ్యూయర్ లేకపోవడమే నయం. అప్పుడు కనీసం ఎవరూ చూడలేదన్న భయమైనా మిగులుతుంది.

కోడ్ గొడవ తెలియనివాళ్ల కోసం కాస్త మొదటి నుంచి వస్తాను. కెర్నల్ సున్నితమైన పని చేసేటప్పుడు ఇంటరప్ట్‌లు మూసేసుకుంటుంది, పని అయ్యాక తెరుస్తుంది. మూసుకున్నప్పుడే ఆ కోడ్ తిరిగిన చోటే తిరుగుతూ ఉండిపోతే? టైమర్ కొట్టినా వినపడదు, నెట్‌వర్క్ మొత్తుకున్నా వినపడదు, మీరు కీబోర్డు విరగ్గొట్టినా వినపడదు. అప్పుడు లోపలికి వెళ్లగలిగింది ఎన్ఎంఐ ఒక్కటే. ఆ సీపీయూ ఎక్కడ ఇరుక్కుందో చెప్పించగలిగింది కూడా అదే. లైనక్స్ మామూలుగా పది సెకన్లు చూసి, అప్పటికీ కదలిక లేకపోతే ఆ సీపీయూ గట్టిగా ఇరుక్కుపోయిందని తేలుస్తుంది. ఈ కాపలా కోసం ఇప్పటిదాకా పనితీరు కొలిచే హార్డ్‌వేర్ కౌంటర్ ఒకదాన్ని ప్రతి సీపీయూలోనూ కట్టేస్తున్నారు. ఆ కౌంటర్లు ఒక్కో సీపీయూకి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. దాన్ని విడిపించి ఆ పని హెచ్‌పెట్‌కి అప్పజెబుదామన్నది నేరి ఆలోచన. కోరికలో తప్పేమీ లేదు. ఆయన ఓపికకీ నేను దండం పెడతాను. తగువు కోరిక మీద కాదు, దారి మీద.

దారి గురించి చెప్పాలంటే రీమ్యాపింగ్ ఎందుకు పుట్టిందో చెప్పాలి. ఈ రోజుల్లో పరికరం ఇంటరప్ట్ పంపడమంటే ఒక ప్రత్యేకమైన చిరునామాకి నాలుగు బైట్ల మెసేజ్ రాయడమే. మెమరీకి రాయగల పరికరం ఏదైనా ఆ మెసేజ్‌ని దొంగచాటుగా కూడా రాయగలదు. 2011లో ఇన్విజిబుల్ థింగ్స్ ల్యాబ్‌కి చెందిన రఫాల్ వోయ్‌చుక్, జోవానా రుత్కోవ్‌స్కా అదే చేసి చూపించారు. వర్చువల్ మెషీన్‌కి అప్పగించిన పరికరం చేత ఇలాంటి మెసేజ్‌లు రాయించి, హోస్ట్ మెషీన్‌నే లోబరుచుకోవచ్చని రుజువు చేశారు. జెన్ హైపర్‌వైజర్‌లో ఆ లోపానికి సీవీఈ-2011-1898 అని నంబరు పడింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగని పట్టడానికే రీమ్యాపింగ్. పరికరం ఇక "ఫలానా సీపీయూకి ఫలానా నంబరు ఇంటరప్ట్" అని నేరుగా రాయలేదు. పట్టికలో ఫలానా వరస అని మాత్రమే చెప్పగలదు. ఇంటెల్ వీటీ-డిలో ఆ పట్టికకి 65,536 వరసల దాకా ఉండొచ్చు. ఒక్కో వరస 128 బిట్లు. పంపింది ఎవరు, పంపే హక్కు ఉందా, ఎవరికి వెళ్లాలి, ఎలా వెళ్లాలి, అన్నీ అందులోనే. లైనక్స్‌లో దీనికి తొలి కోడ్ 2008లో సురేశ్ సిద్ధ రాశారు, 2.6.28లో అది చేరింది. రీమ్యాపింగ్ లేని పాత మెషీన్‌లో కూడా పరికరాన్ని గెస్ట్‌కి, అంటే వర్చువల్ మెషీన్‌కి, అప్పగిస్తానని మొండికేసేవాళ్ల కోసం లైనక్స్ సొంత హైపర్‌వైజర్ కేవీఎంలో ఒక స్విచ్ పెట్టారు. దాని పేరు 'అలౌ అన్‌సేఫ్ అసైన్డ్ ఇంటరప్ట్స్'. నొక్కేవాడికి పేరులోనే చీవాట్లు పెట్టే ఇలాంటి స్విచ్‌లు మన ప్రభుత్వ ఫారాల్లో కూడా ఉంటే ఎంత బాగుండేదో!

ఆ 128 బిట్లలో 'ఎలా వెళ్లాలి' అని చెప్పేవి మూడు బిట్లు. సున్నా పెడితే మామూలు ఇంటరప్ట్. నాలుగు పెడితే ఎన్ఎంఐ. ఇంటెల్ హార్డ్‌వేర్ పుస్తకంలో ఇది శుభ్రంగా అచ్చేసి ఉంది.

"మూడు బిట్లు మార్చడానికి అయిదేళ్లా?" అని ఇక్కడే ఇకిలిస్తారు.

ఆ మూడు బిట్ల వెనకాల ఏముందో ఎప్పుడైనా చూశారా? అంతవరకూ ఆ మూడు బిట్లనీ కెర్నల్ ఎక్కడి నుంచి తెచ్చి నింపేదో తెలుసా? మెషీన్ మొత్తానికి ఒక్కటే అయిన, ఇంటరప్ట్‌లు చూసుకునే ఏపిక్ డ్రైవర్ నుంచి. అంటే ఇంటరప్ట్‌లన్నీ ఒకే తీరుగా వెళ్తాయన్న నమ్మకం మీద కట్టిన ఇల్లది. అందులో ఒక్క ఇంటరప్ట్ తీరు మాత్రం వేరని చెప్పాలంటే పునాది రాయి కదపాలి. ప్రతి ఇంటరప్ట్‌కీ సొంత డెలివరీ మోడ్ ఉండాలి, కేటాయించే ప్రతి చోటా దాన్ని గుర్తుంచుకోవాలి, పట్టిక నింపే ప్రతి ఫంక్షనూ దాన్ని మన్నించాలి. ఇంత కదిపేటప్పుడు చూసేవాడు అడగకుండా ఉంటాడా?

మొదట అడగాల్సిన మాట: ఈ ఎన్ఎంఐ ఎవరిది? మామూలు ఇంటరప్ట్‌కి వెక్టర్ నంబరు ఉంటుంది, దాన్ని బట్టి ఎవరి హ్యాండ్లర్ నడవాలో తెలుస్తుంది. ఎన్ఎంఐ మోడ్‌లో ఆ నంబరుని హార్డ్‌వేర్ పట్టించుకోదు. ఎవరు పంపినా రెండో నంబరు గుమ్మం దగ్గరికే రావాలి. 1978 నాటి 8086లో అది టైప్ 2, ఇవాళ్టి సర్వర్ చిప్‌లోనూ అది వెక్టర్ 2. పనితీరు కౌంటర్లు అక్కడికే, హార్డ్‌వేర్ లోపాలు అక్కడికే, డీబగ్గర్ అక్కడికే, ఇప్పుడు హెచ్‌పెట్ కూడా అక్కడికే. కెర్నల్ గుమ్మంలో నిలబడి హ్యాండ్లర్లని వరసగా "నీదా? నీదా?" అని అడగాలి. నీదే అని తప్పుగా ఒప్పుకున్నవాడు పక్కవాడి కబురు మింగేస్తాడు. నాది కాదని అందరూ అన్నారా, కెర్నల్ లాగ్‌లో ఒక పేరుపడ్డ మెసేజ్ వస్తుంది. తెలుగులో చెప్పాలంటే: ఎందుకొచ్చిందో తెలియని ఎన్ఎంఐ వచ్చింది, నాకు తల తిరిగిపోయింది, అయినా ముందుకు సాగడానికి చూస్తున్నాను. అడ్మిన్ అలా సెట్ చేసి ఉంటే ముందుకు సాగడం కూడా ఉండదు, అక్కడికక్కడే పానిక్.

మరి హెచ్‌పెట్‌నే అడిగి తేల్చుకోవచ్చుగా? అడగొచ్చు. కానీ దాని రిజిస్టర్ చదవడం ప్రాసెసర్ సొంత టైమ్‌స్టాంప్ కౌంటర్ చదవడం కంటే ఎన్నో రెట్లు నిదానం. ఎవరో పెర్ఫ్ అనే పనితీరు కొలిచే టూల్ నడుపుతుంటే సెకనుకి వేలకొద్దీ ఎన్ఎంఐలు వస్తాయి. వచ్చిన ప్రతిదానికీ వెళ్లి హెచ్‌పెట్ తలుపు తడితే జబ్బు కంటే మందు ప్రమాదం. తర్వాతి విడతల్లో నేరి దీన్ని మార్చారు. హెచ్‌పెట్ ఎప్పుడు మోగాలో టైమ్‌స్టాంప్ కౌంటర్‌తో అంచనా కట్టి, వచ్చిన ఎన్ఎంఐ ఆ వేళకి దగ్గరగా ఉంటే అది హెచ్‌పెట్‌దే అనుకునేలా చేశారు. అనుకోవడం అన్న మాట గమనించండి. ఎన్ఎంఐ దగ్గర 'అనుకోవడం' కనిపిస్తే కెర్నల్ నిర్వాహకుడి బీపీ పెరగదా? పెరగాలి!

ఇంతకంటే పెద్ద ముడి లాక్‌ది. మామూలు ఇంటరప్ట్ హ్యాండ్లర్ స్పిన్‌లాక్, అంటే ఒకరు పట్టుకుంటే ఇంకొకరు ఆగాల్సిన తాళం, తీసుకోవచ్చు. ఎన్ఎంఐ హ్యాండ్లర్ తీసుకోకూడదు. అది ఎవరినైనా, ఎప్పుడైనా ఆపి లోపలికి వచ్చేస్తుంది. అది ఆపిన కోడే ఆ లాక్ పట్టుకుని ఉంటే? వదలాల్సినవాడు కదలడు, కావాల్సినవాడు వదలడు, మెషీన్ ఖతం. ఇప్పుడు రీమ్యాపింగ్ సంగతి చూడండి. హెచ్‌పెట్ టైమర్ ఒక్కటి, కాపలా కాయాల్సిన సీపీయూలు వందల్లో. ఒకదాని తర్వాత ఒకదానికి ఎన్ఎంఐ పంపాలంటే పట్టికలో చిరునామా మారుస్తుండాలి. మార్చాలంటే లాక్ తీసుకోవాలి. పాత వరసని హార్డ్‌వేర్ తన క్యాష్‌లో దాచుకుని ఉంటుంది కాబట్టి దాన్ని చెరిపించాలి, చెరిగిందని కబురు వచ్చేదాకా ఆగాలి. ఎన్ఎంఐ హ్యాండ్లర్‌లో నిలబడి ఇవన్నీ చేస్తారా? తొలి విడత మీద నిర్వాహకుల నుంచి వచ్చిన అభ్యంతరాల్లో ఇది ముఖ్యమైనది. ఇరుక్కుపోయిన సీపీయూని కనిపెట్టాల్సిన కాపలాదారే లాక్ కోసం చూస్తూ ఇరుక్కుపోతే, అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టే.

యానాంలో కూర్చున్నవాడికి ఈ గోలెందుకని అడుగుతారేమో. మాకంటే బాగా ఎవరికి తెలుస్తుందండీ? ధవళేశ్వరం బ్యారేజీ ఆంధ్రప్రదేశ్ చేతిలో ఉంది. మా ఊరు పుదుచ్చేరి ఏలుబడిలో ఉంది. మధ్యలో పారే గోదావరి పాయ గౌతమికి ఈ సరిహద్దు సంగతి ఎవరూ చెప్పలేదు. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడోది వచ్చిందంటే మా ఊళ్లో ఎవరి పనీ ముఖ్యం కాదు. 1986 ఆగస్టులో అక్కడి నుంచి ముప్ఫై అయిదు లక్షల క్యూసెక్కులు దిగాయి. 2022 జూలైలో పాతిక లక్షలు దాటాయి, యానాం కాలనీలు నీళ్లలో నిలబడ్డాయి. ఆ మూడో హెచ్చరిక నేరుగా మాకు రాకుండా, ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల పుదుచ్చేరిలో ఒక పట్టిక చూసుకుని, అందులో రాసిన చిరునామాకే పోవాలని ఎవరైనా ఏర్పాటు చేశారనుకోండి. ఆ పట్టిక రాసినవాడిని ఏమడుగుతారు మీరు? మా ఊరి వరస ఉందా? కిందటి వరదకి రాసిన చిరునామాయే ఇంకా ఉందా? మార్చే తాళం ఎవరి దగ్గర? ఆ తాళం ఉన్నవాడి ఇల్లే మునిగితే? ఈ ప్రశ్నలు అడిగే మనిషిని మొండివాడంటామా, మా వాడంటామా?

ఇంటెల్ వరకే ఇంత కథ. ఏఎండీ ఐఓఎంఎంయూలో దారి ఇంకో రకం. అక్కడ పట్టిక వరసలో ఎన్ఎంఐ అని రాసే వీలు లేదు. పరికరం మొత్తానికి వర్తించే ఇంకో పట్టికలో, 'ఈ పరికరం ఎన్ఎంఐలని వదిలెయ్' అనే బిట్ ఉంది. ఆ బిట్ పెడితే ఆ పరికరం పంపే ఎన్ఎంఐ ఏదైనా రీమ్యాపింగ్ ముట్టుకోకుండా లోపలికి పోతుంది. హెచ్‌పెట్‌కైతే సరే. రేపు ఇదే దారిని ఇంకెవరో నెట్‌వర్క్ కార్డుకి వాడుకుంటేనో, ఆ కార్డు ఒక గెస్ట్ చేతిలో ఉంటేనో? ఏ దొంగ కోసం ఈ తలుపు బిగించామో ఆ దొంగకే కిటికీ తెరిచినట్టు. నన్నడిగితే ఈ ఒక్క ప్రశ్నకి కోడ్‌లో జవాబు రాసి ఉంటే తప్ప ఇలాంటి ఏ కెర్నల్ ప్యాచ్‌కీ రివ్యూడ్-బై అని పేరు రాయకూడదు. ఎవరు వాడుకోవచ్చో, ఎవరు వాడుకోకూడదో ఫంక్షనే తేల్చి కాదనాలి. పైన ఒక కామెంట్ రాసి చేతులు దులుపుకుంటే చాలదు.

"మరీ ఇంత భయమా?" అంటారు. 2015 గుర్తు చేస్తాను. ఒక ఎన్ఎంఐ నడుస్తుండగా ప్రాసెసర్ ఇంకోదాన్ని ఆపి ఉంచుతుంది, అదీ ఒక్కదాన్నే. రెండు మూడు వస్తే అన్నీ ఒకటైపోతాయి. హ్యాండ్లర్ నుంచి వెనక్కి వెళ్లే ఐరెట్ ఇన్‌స్ట్రక్షన్ నడవగానే ఆ ఆపు పోతుంది. హ్యాండ్లర్ మధ్యలో బ్రేక్‌పాయింటో పేజీ ఫాల్టో వచ్చి, అది ముగిసేటప్పుడు ఐరెట్ నడిచిందా, పని పూర్తి కాకుండానే తలుపు తెరుచుకుంటుంది. ఎన్ఎంఐలో ఎన్ఎంఐ. దీన్ని తట్టుకోవడానికి స్టీవెన్ రోస్టెడ్ రాసిన తెలివైన అసెంబ్లీ 2012లో 3.3 కెర్నల్‌తో వచ్చింది. ఉద్దండులు చూసిన కోడే అది. మూడేళ్ల తర్వాత ఆండీ లుటోమిర్‌స్కీ అందులోని కంతలు బయటపెట్టారు. వాటిలో సీవీఈ-2015-3290 ఎంతటిదంటే, మెషీన్‌లో మామూలు అకౌంట్ ఉన్నవాడు కొన్ని ఇన్‌స్ట్రక్షన్ల సందులో ఎన్ఎంఐ పడేలా చేసి పెద్ద అధికారాలు సంపాదించుకోవచ్చు. అంతటివాళ్లు అంత జాగ్రత్తగా చూస్తేనే ఇది జారిపోయింది. టీ టైముకి మెర్జ్ చేసేవాళ్లు చూస్తే ఏమయ్యేదో మీరే చెప్పండి.

రివ్యూడ్-బై అని పేరు రాయడమంటే ఏమిటో కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో రాసి ఉంది. సాంకేతికంగా పరిశీలించానని, నా సందేహాలు రాసినవాడికి తెలియజేశానని, వచ్చిన జవాబులతో తృప్తి పడ్డానని, నాకు తెలిసినంతలో దీన్ని చేర్చకుండా ఆపాల్సిన లోపం లేదని ఒప్పుకోవడం. పూచీకత్తు కాదని కూడా అందులోనే ఉంది. కానీ సందేహమే రానివాడు దేన్ని తెలియజేస్తాడు? మన కంపెనీల్లో రివ్యూయర్ల కామెంట్లు చూస్తుంటాను. స్పేస్ ఎక్కువైంది, వేరియబుల్ పేరు బాగాలేదు, ఇక్కడ ఖాళీ లైను వదలండి. అయిపోయింది. ఆ కోడ్ ఏ సందర్భంలో నడుస్తుంది, ఏ లాక్ పట్టుకుని ఉండగా పిలుస్తారు, సగంలో ఆగిపోతే ఏమవుతుంది? ఈ మూడు మాటలు ఎవరి నోటా రావు. స్పేస్‌లు చూడడానికి స్క్రిప్ట్ ఉంది కదయ్యా, నీకు జీతమెందుకు?

తప్పు వాళ్ల ఒక్కరిదే అననులెండి. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో మైక్రోప్రాసెసర్ల పేపర్ రాసినవాడిని ఎవరినైనా నిద్రలో లేపి అడగండి. 8085లో ట్రాప్ నాన్-మాస్కబుల్, వెక్టర్ చిరునామా 0024హెచ్ అని ఠక్కున చెబుతాడు. మార్కులు అయిదుకి అయిదు. ట్రాప్ హ్యాండ్లర్‌లో లాక్ తీసుకోవచ్చా అని అడిగితే మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క ఉండదు. ఆ ప్రశ్న సిలబస్‌లో లేదు. ఆపలేనిదాన్ని నిర్వచించడం నేర్పాం, ఆపలేనిదానితో బతకడం నేర్పలేదు. తర్వాత ఆ కుర్రాడే బెంగళూరులోనో హైదరాబాదులోనో ఒక డ్రైవర్ టీములో చేరి, తెలియని చోట 'బాగుంది' అంటాడు. తెలియదని చెప్పడం మనకి పరువుతక్కువ కదా!

కెర్నల్ పెద్దల నోరు మంచిది కాదన్న ఫిర్యాదుకి ఒక ముక్క. నిజమే, చాలా ఏళ్లు ఆ నోరు హద్దు దాటింది. 2018 సెప్టెంబరులో లైనస్ టోర్వాల్డ్స్ క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకి తప్పుకున్నారు, ప్రవర్తనా నియమావళి కూడా అప్పుడే వచ్చింది. రావాల్సిందే. మనిషిని తిట్టకూడదు. కానీ ప్రశ్న మెత్తబడిందని ఎవరూ సంబరపడక్కర్లేదు. ఎక్స్86కీ ఇంటరప్ట్ కోడ్‌కీ పెద్ద దిక్కయిన థామస్ గ్లైక్స్‌నర్ లాంటివాళ్లు ఒక ప్యాచ్ మీద పేజీల కొద్దీ రాస్తారు. అంత చదివి, అంత రాసినవాడు మీ కోడ్‌కి ఇచ్చిన గౌరవం, చదవకుండా మెచ్చుకున్నవాడు ఏనాడైనా ఇచ్చాడా?

వాళ్లని నెత్తిన పెట్టుకోమనీ అనను. నెలల తరబడి జవాబే రాకపోవడం, విడత మారేసరికి వేరేవాళ్లు వచ్చి మొదటి నుంచి అడగడం, ఇవి రాసేవాడి నడుము విరిచే పనులు. కాదంటే కాదనండి, ఊరకుండడం మాత్రం దుర్మార్గం. అయితే ఆ ఊరకుండడానికి కారణం ఎవరు? ప్యాచ్‌లు రాసేవాళ్లు ఇన్ని వందలమంది, వేరేవాళ్ల ప్యాచ్ చదివేవాళ్లు గుప్పెడు. ఎన్ని కమిట్లు చేర్చామో కంపెనీలు ఏటా డప్పు కొట్టుకుంటాయి. ఎన్ని తప్పుడు కమిట్లని ఆపామో ఒక్క కంపెనీ కూడా లెక్క రాయదు. ఆపినవాడికి ప్రమోషన్ లేదు.

ఇంతకీ ఏమైంది? 2023లో గూగుల్ ఇంజనీరు డగ్లస్ ఆండర్సన్ తెచ్చిన ఇంకో పద్ధతి 6.5 కెర్నల్‌లోకి వెళ్లింది. ప్రతి సీపీయూ తన పక్క సీపీయూ గడియారం కదులుతోందా అని చూస్తుంది, అంతే. కనిపెట్టడానికి ఎన్ఎంఐ అక్కర్లేదు, రీమ్యాపింగ్ పట్టిక ముట్టుకోనక్కర్లేదు, కౌంటర్ ఖర్చు లేదు. అన్ని సీపీయూలూ ఒక్కసారే ఇరుక్కుంటే దానికి దిక్కులేదు, ఆ లోటు ఉంది. అయినా అయిదేళ్లు 'కాదు, కాదు' అనబట్టే గుమ్మం ఖాళీగా ఉంది, ఈ తేలికైన ఉపాయానికి చోటు దొరికింది. తొలి విడతకే ఎవరైనా 'బాగుంది' అనేసి ఉంటే, లాక్ ముడి ఉన్న కాపలాదారు ఇవాళ మన బ్యాంకు సర్వర్లలో కూర్చుని ఉండేవాడు.

అయ్యా మాస్టార్లూ, వచ్చే సెమిస్టర్‌లో ట్రాప్ పాఠం చెప్పే రోజున నోట్సు డిక్టేట్ చెయ్యకండి. ఆర్చ్, ఎక్స్86, కెర్నల్ ఫోల్డర్‌లోని ఎన్ఎంఐ.సి ఫైలు ప్రొజెక్టర్ మీద తెరవండి. పైసా ఖర్చు లేదు. పక్కన నేరి ఏడో విడత ప్యాచ్ పెట్టి, ఇందులో ఎక్కడ ఎన్ఎంఐ హ్యాండ్లర్ నుంచి లాక్ దగ్గరికి దారి ఉందో, ఎక్కడ లేదో వెతకమని పిల్లలకి చెప్పండి. ఉందన్నవాడికీ లేదన్నవాడికీ కారణం రాస్తేనే మార్కులెయ్యండి. బాగుంది అని రాసినవాడికి సున్నా.